పాత కారు ‘మిస్సింగ్’ కొడుతోందా? ఏ సిలిండరో, ఏ పార్టో ఇంట్లోనే, ఫోన్‌తోనే పట్టుకోవచ్చు

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణకడం. సైలెన్సర్ సౌండ్ ఒకే తీరుగా కాకుండా మధ్య మధ్యలో తెగినట్టు రావడం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోవడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఏ మెకానిక్ అయినా ఒక్క మాటలో చెప్పేస్తాడు, ‘ఇంజిన్ మిస్సింగ్’ అని. దీన్నే మిస్‌ఫైర్ అంటారు.

ఫోన్ల రివ్యూలు చదవడానికి వస్తే కారు ఇంజిన్ గోల ఏంటి అనుకుంటున్నారా? ఈ పనికి కావాల్సిన మెయిన్ టూల్ మీ జేబులోనే ఉంది. స్క్రీన్ రొటేట్ అవ్వడానికీ, అడుగులు లెక్కపెట్టడానికీ పనికొచ్చే యాక్సిలెరోమీటర్, బ్లూటూత్, కెమెరా, టార్చ్ అన్నీ ఇక్కడ వాడతాం.

నేను చేసింది మా నాన్నగారి కారు మీద. 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, ఒక్కో ప్లగ్ మీద ఒక్కో ఇగ్నిషన్ కాయిల్, లక్షా ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు. వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే ‘నో ఫాల్ట్’ అని వచ్చింది. అయినా నాలుగు కాయిల్స్ మార్చి, ఇంజెక్టర్లు క్లీన్ చేద్దామని రూ.14,000 ఎస్టిమేట్ ఇచ్చారు. ఆ పార్టులు నిజంగా పోయాయా అంటే, ‘మార్చి చూద్దాం’ అన్నారు. మార్చక ముందే తెలుసుకోవడం ఎలా అన్నదే ఈ ఆర్టికల్.

మిస్‌ఫైర్ అంటే అసలు ఏం జరుగుతుంది?

పెట్రోల్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌కీ మూడు కావాలి. గాలి, పెట్రోల్ సరైన పాళ్లలో కలవాలి. ఆ మిశ్రమం గట్టిగా నొక్కుకుపోవాలి, అంటే కంప్రెషన్ ఉండాలి. సరైన టైమ్‌కి స్పార్క్ పడాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా ఆ సిలిండర్ మండదు, లేదా సగమే మండుతుంది. మిగతా మూడు సిలిండర్లు దాన్ని కూడా మోసుకుంటూ తిరుగుతాయి. మనకి తెలిసే వణుకు అదే.

కాబట్టి డయాగ్నసిస్‌లో రెండే ప్రశ్నలు. ఏ సిలిండర్? ఆ సిలిండర్‌లో ఏది తగ్గింది? మొదటి ప్రశ్నకి జవాబు దొరక్కుండా రెండోదానికి డబ్బు ఖర్చు పెట్టొద్దు.

మొదలుపెట్టే ముందు

- బండి ఓపెన్ ప్లేస్‌లోనే ఉండాలి. మూసిన గ్యారేజీలో, సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి టెస్ట్ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.
- గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి ఉండాలి. వదులు చొక్కా చేతులు, చున్నీ, మెడలో గొలుసు బెల్ట్ దగ్గరికి వెళ్లకూడదు.
- ఇంజిన్ నడుస్తున్నప్పుడు కాయిల్‌ని గానీ ప్లగ్ వైర్‌ని గానీ లాగొద్దు. అక్కడ వోల్టేజ్ వేలల్లో ఉంటుంది. షాక్ మాట పక్కన పెట్టినా కాయిల్ కూడా పోవచ్చు.
- ప్లగ్స్ విప్పేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు తిప్పితే థ్రెడ్ పాడవుతుంది.
- పెట్రోల్ కారుతున్న వాసన వస్తే టెస్ట్ అక్కడే ఆపేయండి.

ఇంకో విషయం. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలగడం వేరు, మిణుకు మిణుకుమనడం వేరు. మిస్‌ఫైర్‌ని కొలవగలిగే కార్లలో లైట్ మిణుకుతోందంటే, మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని అర్థం. ఆ కన్వర్టర్ పోతే ఖర్చు కాయిల్స్ కంటే చాలా ఎక్కువ. అలాంటి బండిని లాగుతూ తిప్పకండి, ఆపేయండి.

ఏమేం కావాలి?

- ఈఎల్ఎం327 రకం ఓబీడీ అడాప్టర్. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల నుంచే దొరుకుతుంది.
- కార్ స్కానర్ లేదా టార్క్ లాంటి యాప్
- ఫైఫాక్స్ యాప్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, పూర్తిగా ఫ్రీ.
- 10 ఎంఎం సాకెట్, ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్
- ఒక మార్కర్ పెన్, పాత గుడ్డ

అడాప్టర్ కొనేవాళ్లకి చిన్న సలహా. మీది ఐఫోన్ అయితే మామూలు క్లాసిక్ బ్లూటూత్ అడాప్టర్ పని చేయదు. వై-ఫై మోడల్ గానీ, బ్లూటూత్ లో ఎనర్జీ మోడల్ గానీ తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో అయితే పెయిరింగ్ పిన్ సాధారణంగా 1234 లేదా 0000. ఇంకోటి, మార్కెట్లో ఉన్న చీప్ అడాప్టర్లలో ఎక్కువ భాగం క్లోన్ చిప్‌లే. కొన్ని క్లోన్లు కొత్త క్యాన్ కార్లతో బాగానే మాట్లాడతాయి, పాత కార్లలోని కే-లైన్‌తో మాత్రం కనెక్ట్ అవ్వవు. పాత కారు కోసం కొంటుంటే ఐఎస్ఓ 9141, కేడబ్ల్యూపీ 2000 రెండూ సపోర్ట్ చేస్తుందో లేదో రివ్యూల్లో చూసి కొనండి.

స్టెప్ 1: కోడ్ చదవండి, కానీ పూర్తిగా నమ్మకండి

అడాప్టర్‌ని స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి స్కాన్ కొట్టండి. పీ0301 నుంచి పీ0304 వరకు ఏదైనా వస్తే చివరి అంకె సిలిండర్ నంబర్. పీ0302 అంటే రెండో సిలిండర్. పీ0300 అంటే ఒకే సిలిండర్ అని తేల్చలేకపోయింది, అక్కడక్కడా మిస్ అవుతోందని. ఒకటో సిలిండర్ సాధారణంగా టైమింగ్ చైన్ లేదా బెల్ట్ ఉన్న వైపు ఉంటుంది. మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

మరి నాన్నగారి కారులో కోడ్ ఎందుకు రాలేదు? మన దేశంలో 2010 ఏప్రిల్‌లో వచ్చింది ఓబీడీ-1. అందులో ప్రధానంగా సెన్సర్ల వైర్లు తెగాయా, షార్ట్ అయ్యాయా అన్నదే చూస్తారు. మిస్‌ఫైర్‌ని కనిపెట్టడం తప్పనిసరి అయ్యింది 2013 ఏప్రిల్‌లో వచ్చిన ఓబీడీ-2తో. అందుకే అంతకు ముందు కార్లలో ‘నో ఫాల్ట్’ అంటే లోపం లేదని కాదు, ఆ లోపం కోసం కంప్యూటర్ చూడలేదని కూడా కావచ్చు.

లైవ్ డేటాలో ఇంకో మెలిక ఉంది. మా కారులో ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 17 శాతం చూపించింది. అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పోస్తోంది. దీన్ని చూడగానే ఇంజెక్టర్లు బ్లాక్ అయ్యాయి అనుకోవడం సహజం. కానీ ఆలోచించండి. ఒక సిలిండర్ మండకపోతే అందులోని గాలి వాడకుండానే బయటికి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్‌కి కనిపించేది ఆక్సిజన్ మాత్రమే, పక్కనే ఉన్న మండని పెట్రోల్ దానికి కనిపించదు. అందుకే స్పార్క్ పోయినా ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్తుంది. మిస్‌ఫైర్ ఉన్నంతసేపూ ఆ నంబర్‌ని చూసి ఇంజెక్టర్ మీద తీర్పు ఇవ్వొద్దు.

స్టెప్ 2: ఫోన్‌తో వణుకుని కొలవండి

నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి మండుతుంది. ఐడిల్‌లో 780 ఆర్‌పీఎం ఉందనుకోండి. దాన్ని 120తో భాగిస్తే 6.5. అంటే ఒక్కో సిలిండర్ సెకనుకి ఆరున్నర సార్లు మండాలి. నాలుగూ కలిపితే సెకనుకి 26 దెబ్బలు.

నాలుగూ సమానంగా కొడుతుంటే ఫోన్‌కి 26 హెర్ట్జ్ దగ్గర వైబ్రేషన్ బాగా కనిపించాలి, 6.5 దగ్గర దాదాపు ఏమీ ఉండకూడదు. ఒక సిలిండర్ పడుకుంటే మాత్రం సెకనుకి ఆరున్నర సార్లు ఒక దెబ్బ తప్పుతుంది. సరిగ్గా 6.5 హెర్ట్జ్ దగ్గర కొత్త శిఖరం లేస్తుంది. సెకనుకి 100 శాంపిల్స్ తీసుకునే ఫోన్ సెన్సర్‌కి కూడా ఇది చాలా ఈజీ.

చేయాల్సింది ఇంతే:

1. ఇంజిన్‌ని పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఏసీ ఆఫ్, రేడియేటర్ ఫ్యాన్ ఆగి ఉన్న టైమ్ చూసుకోండి.
2. ఫోన్‌ని కవర్ తీసి డ్యాష్‌బోర్డ్ మీద జారకుండా పెట్టండి. బోనెట్ కింద వేడిలో పెట్టొద్దు.
3. ఫైఫాక్స్‌లో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ ఓపెన్ చేయండి. శాంపిల్స్ సంఖ్య 1024 వరకు పెంచితే శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి.
4. ఆర్‌పీఎంని ఓబీడీ యాప్‌లో చూసి 120తో భాగించండి. ఆ నంబర్ దగ్గర శిఖరం ఉందా చూడండి.

మా కారులో 6.5 దగ్గర శిఖరం 26 దగ్గర ఉన్నదానికంటే ఎత్తుగా ఉంది. స్కానర్ లోపమే లేదన్న బండిలో లోపం గ్రాఫ్ మీద కనిపించింది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రిపేర్ అయ్యాక పోల్చడానికి పనికొస్తుంది.

మీది మూడు సిలిండర్ల కారు అయితే ఒక జాగ్రత్త. ఆ ఇంజిన్లు బాగున్నా కొంచెం వణుకుతాయి. ఆ సహజమైన వణుకు ఆర్‌పీఎంని 60తో భాగిస్తే వచ్చే చోట ఉంటుంది. మనం వెతికేది 120తో భాగించిన చోట. రెండూ కలపొద్దు.

స్టెప్ 3: ఏ సిలిండర్?

కోడ్ వచ్చినవాళ్లకి ఈ జవాబు దొరికినట్టే. రానివాళ్లు ఇంజెక్టర్ కనెక్టర్‌తో కనిపెట్టవచ్చు. ఇంజిన్ ఆఫ్ చేసి ఒకటో ఇంజెక్టర్ ప్లగ్ పాయింట్ మాత్రం ఊడదీసి స్టార్ట్ చేయండి. ఇంతవరకు పని చేస్తున్న సిలిండర్ అయితే ఇంజిన్ ఇంకా ఘోరంగా వణికి ఆగిపోయేలా ఉంటుంది. ఆఫ్ చేసి, కనెక్టర్ మళ్లీ పెట్టి, తర్వాతిదానికి వెళ్లండి. ఏది ఊడదీసినా తేడా రావట్లేదో, ఆల్రెడీ పని చేయనిది అదే. ఒక్కో టెస్ట్ అర నిమిషం మించొద్దు. దీనివల్ల కోడ్స్ పడితే చివర్లో యాప్‌తో క్లియర్ చేసుకోవచ్చు.

మా కారులో ఒకటి, మూడు, నాలుగు తీసినప్పుడు ఆగిపోబోయింది. రెండు తీస్తే ఏ మార్పూ లేదు. సౌండ్ అదే, గ్రాఫ్ అదే.

స్టెప్ 4: పార్ట్‌ని కొనకండి, చోటు మార్చండి

ఈ ఆర్టికల్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. నాలుగు సిలిండర్లలో ఒకే రకం పార్టులు నాలుగేసి ఉన్నాయి. అంటే మీ దగ్గర స్పేర్ పార్టులు ఫ్రీగా ఉన్నట్టే. రెండో సిలిండర్ పార్ట్‌ని మూడోదానిలో పెట్టండి. లోపం కూడా మూడుకి వెళ్తే ఆ పార్ట్‌దే తప్పు. రెండులోనే ఉండిపోతే ఆ పార్ట్ నిర్దోషి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కాయిల్, ప్లగ్ రెండూ కలిపి మారిస్తే ఏది దోషో మళ్లీ తెలియదు.

ముందు కాయిల్స్ మీద మార్కర్‌తో 1, 2, 3, 4 రాసుకోండి. 10 ఎంఎం బోల్ట్ విప్పి రెండు, మూడు కాయిల్స్ మార్చాను. స్టార్ట్ చేసి మళ్లీ ఇంజెక్టర్ టెస్ట్ చేస్తే, చలనం లేనిది రెండో సిలిండరే. అంటే కాయిల్ బాగుంది. రూ.14,000లో పెద్ద భాగం ఇక్కడే కొట్టివేత.

కాయిల్ తీసినప్పుడు ఇంకోటి కూడా కనిపించింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే రెండో ప్లగ్ గుంతలో అడుగున ఇంజిన్ ఆయిల్ ఉంది. మిగతా మూడూ పొడిగా ఉన్నాయి. ఇలా ఉంటే ప్లగ్ విప్పే ముందు గుడ్డతో ఆయిల్ మొత్తం తుడవాలి. లేదంటే అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

ఇంజిన్ చల్లారాక రెండు, మూడు ప్లగ్స్ మార్చాను. ఈసారి చలనం లేనిది మూడో సిలిండర్! లోపం ప్లగ్‌తో పాటు కదిలింది. ఆ ప్లగ్‌ని ఫోన్ కెమెరా మాక్రోలో చూస్తే తెల్లటి పింగాణీ మీద పై నుంచి కిందికి సన్నటి నల్ల గీత. దాన్ని కార్బన్ ట్రాకింగ్ అంటారు. స్పార్క్ చివర వరకు వెళ్లకుండా ఆ గీత మీదుగా పక్కకి జారి బాడీలోకి పోతోంది.

ఆగండి, ఇంకో ‘ఎందుకు’ ఉంది

ప్లగ్ మార్చేసి చేతులు దులుపుకుంటే కొన్ని నెలల్లో అదే సమస్య మళ్లీ రావచ్చు. గుంతలో ఆయిల్ ఎక్కడి నుంచి వచ్చింది? పైన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్‌లో ప్లగ్ గుంతల చుట్టూ రబ్బరు సీల్స్ ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడి ఆయిల్ కారనిస్తాయి. ఆ ఆయిల్ కాయిల్ కింది రబ్బరు బూట్‌ని కూడా పాడు చేస్తుంది. బూట్ లోపల కూడా అలాంటి నల్ల గీత ఉందేమో చూడండి. ఉంటే అదీ మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్ మీద కూడా గీత పడుతుంది. మాది శుభ్రంగానే ఉంది.

లెక్క ఇలా తేలింది. నాలుగు ప్లగ్స్ రూ.760, ప్యాకింగ్ సెట్ రూ.450, కవర్ విప్పి ప్యాకింగ్ వేసినందుకు మెకానిక్‌కి రూ.400. మొత్తం రూ.1,610. తర్వాత ఫైఫాక్స్ పెడితే 6.5 దగ్గర శిఖరం పోయింది, 26 దగ్గరది మాత్రమే మిగిలింది. ఫ్యూయల్ ట్రిమ్ దానంతట అదే ప్లస్ 3కి దిగింది. ఇంజెక్టర్లు ఎవరూ ముట్టుకోలేదు.

ప్లగ్ బిగించేటప్పుడు ముందు చేత్తోనే ఎక్కించండి, రాట్చెట్‌తో మొదలుపెడితే థ్రెడ్ వంకరగా పడే ప్రమాదం ఉంది. వాషర్ ఉన్న కొత్త 14 ఎంఎం ప్లగ్ అయితే చేతికి ఆగిన దగ్గర నుంచి సుమారు అర చుట్టు చాలు. వాడిన ప్లగ్‌ని తిరిగి పెడుతుంటే అంత కూడా అక్కర్లేదు.

లోపం ప్లగ్‌తోనూ కదలకపోతే?

- ఇంజెక్టర్: పొడవాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజెక్టర్ మీద, పిడిని చెవికి ఆనించి వినండి. నాలుగూ ఒకేలా టిక్ టిక్ అనాలి. ఒకటి మౌనంగా ఉంటే మల్టీమీటర్‌తో దాని రెసిస్టెన్స్‌ని పక్కదానితో పోల్చండి. వైరింగ్‌ని ఎలుకలు కొరికాయేమో కూడా చూడండి. పార్కింగ్‌లో రోజుల తరబడి నిలబెట్టే బండ్లలో ఇది చాలా కామన్.
- గాలి లీక్: ఐడిల్‌లో వణికి, 2,500 ఆర్‌పీఎం దగ్గర బాగైపోతే ఇన్‌టేక్ వైపు పగిలిన వాక్యూమ్ పైప్‌నో, ప్యాకింగ్‌నో అనుమానించాలి.
- కంప్రెషన్: గేజ్ కావాలి, మెకానిక్ దగ్గర ఉంటుంది. ఒక సిలిండర్ రీడింగ్ మిగతావాటికంటే బాగా తక్కువ వస్తే, అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గాస్కెట్. ఇది ఇంట్లో తేలే పని కాదు.
- సీఎన్‌జీ కిట్ ఉంటే: ముందు పెట్రోల్‌కి మార్చి చూడండి. గ్యాస్‌కి ఎక్కువ వోల్టేజ్ స్పార్క్ కావాలి. అందుకే అరిగిన ప్లగ్, బలహీనమైన కాయిల్ ముందు సీఎన్‌జీలోనే బయటపడతాయి. రెండింటిలోనూ మిస్ అవుతూ, ట్యాపెట్ సెట్టింగ్ చేయించి చాలా ఏళ్లయితే అది కూడా చెక్ చేయించండి.
- కాయిల్స్ బదులు ప్లగ్ వైర్లు ఉన్న పాత బండి: రాత్రి చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా, చేతులు దూరంగా పెట్టి, స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లండి. నీలి మెరుపులు కనిపిస్తే ఆ వైర్ లీక్ అవుతోంది. వాన పడినప్పుడు మాత్రమే మిస్ అయ్యే బండికి ఇది సరైన టెస్ట్.

అన్ని సిలిండర్లూ కలిసి మిస్ అవుతుంటే స్వాప్ టెస్ట్ పనికిరాదు. అప్పుడు నాలుగింటికీ కామన్‌గా ఉన్నవి చూడాలి: ఫ్యూయల్ పంప్ ప్రెషర్, ఫిల్టర్, క్రాంక్ సెన్సర్, నీళ్లు కలిసిన పెట్రోల్.

మా వర్డిక్ట్

మెకానిక్‌తో గొడవ పెట్టుకోమని నేను చెప్పట్లేదు. ట్యాపెట్ కవర్ నేనే విప్పలేదు, తెలిసిన చేతికే ఇచ్చాను. తేడా అల్లా, ఆయన దగ్గరికి ‘బండి వణుకుతోంది, చూడండి’ అని వెళ్లడానికీ, ‘రెండో సిలిండర్, కాయిల్ మార్చి చూశాను కదల్లేదు, ప్లగ్ మారిస్తే కదిలింది, గుంతలో ఆయిల్ ఉంది’ అని వెళ్లడానికీ మధ్య ఉంది. మొదటి మాటకి ఎస్టిమేట్ వస్తుంది. రెండో మాటకి రిపేర్ వస్తుంది.

అడాప్టర్ కొనే ముందే ఫైఫాక్స్ ఇన్‌స్టాల్ చేసి, మీ బండి బాగున్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు వణుకు వచ్చినప్పుడు దేనితో పోల్చాలో మీ ఫోన్‌లోనే ఉంటుంది.